కల్లం గట్టున బూటు

పొద్దున మిరపకోతకి బయల్దేరే ముందు నగ్మా చేసే ఆఖరి పని మొగుడి బూటు అడుగు తుడవడం. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, గాట్లలో ఇరుక్కున్న మన్ను చీపురుపుల్లతో గీకి, అప్పుడు అతని కాలికి తొడిగి మూడు పట్టీలూ తనే బిగించేది. సాయంత్రం ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కోవడం కంటే ముందు ఆ అడుగే చూసేది. అయూబ్ కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీదే ఉంటాడు గనక చూడటం తేలిక. చూసినట్టు తెలియనివ్వకపోవడమే కష్టం.

అది చెప్పుల కొట్లో దొరికే బూటు కాదు. మోకాలి కింద దాకా వచ్చే నల్లటి గట్టి బూటు. వేటపాలెంలో ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అయూబ్ బంతి కోసం గాల్లోకి ఎగిరి, పాదం మడతపడి దిగాడు. కుడికాలి చిటికెన వేలి వెనకున్న ఎముక విరిగింది. గుంటూరు ఆసుపత్రిలో పాదం కోసి, లోపల స్క్రూ బిగించి, కుట్లు తీసిన రోజున ఆ బూటు ఇచ్చారు. ఆరు వారాలు దాటాక ఎక్స్‌రే తీస్తామన్నారు. అప్పటిదాకా బూటు లేకుండా పాదం నేలకి తగలకూడదు. బూటుతో అయినా చంకకర్రల మీద బాత్‌రూమ్ దాకా వెళ్లి రావడమే తప్ప అడుగు ఎక్కువ వేయకూడదు. నగ్మా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అయినా ఆసుపత్రివాళ్లు ఇదంతా ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితాన్ని కూడబలుక్కుని చదివి, తెలియనివి నర్సుని అడిగి, అంతా తెలుగులో రాసుకుని క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించింది. ఎక్స్‌రే తీసే గురువారం చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది.

ఆ గురువారం మీదే అన్నీ ఆధారపడి ఉన్నాయి. జూన్‌లో విజయవాడలో ఒక ప్రభుత్వ శాఖ జట్టుకి సెలక్షన్లు. ఎంపికైతే ఆటా ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది. అయూబ్‌కి ఇరవై ఆరు నిండాయి. వాళ్లు పెట్టిన వయసు ప్రకారం ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ, రెండే అవకాశాలు. ఎముక అతుక్కుంటే పరిగెత్తుతాడు. అతుక్కోకపోతే మళ్లీ కోసి, తుంటి దగ్గర నుంచి కాస్త ఎముక తీసి అక్కడ పెట్టాలన్నారు డాక్టరుగారు. రెండోసారి కోసిన పాదంతో బంతి తన్నే మాట మర్చిపొమ్మని ఆయన అనలేదు. అనకుండా నగ్మా మొహం వైపు ఒకసారి చూసి కాగితాల్లోకి తల దించుకున్నారు. ఆ చూపు ఆమెని ఇంటిదాకా వెంటాడింది. ఇంట్లో కూడా వదల్లేదు.

అనుమానం మొదలైంది బూటు మాసినందుకు కాదు, మాయనందుకు. వాళ్ల బాత్‌రూమ్ పెరటి చివర ఉంది. అక్కడిదాకా అంతా నల్లరేగడే. రోజుకి నాలుగుసార్లు వెళ్లొచ్చే మనిషి బూటు అడుగున కాస్తయినా మన్ను అంటాలి కదా. సాయంత్రానికి ఆ అడుగు తను పొద్దున తుడిచిన దానికంటే తళతళలాడుతూ ఉండేది. ఎవరో తుడుస్తున్నారు. దాచాల్సింది లేకపోతే తుడవడం ఎందుకు?

తర్వాత బంతి. మంచం కింద గోనెసంచిలో చుట్టి, మూతి గోడవైపు తిప్పి పెట్టింది తనే. ఒకరోజు చూస్తే మూతి ఇటు తిరిగి ఉంది. అత్తని అడిగితే పిల్ల దొర్లించిందని చెప్పింది. పిల్ల షాజాదీకి పద్నాలుగు నెలలు. దొర్లించగలదు, నిజమే. కానీ మళ్లీ సంచిలో పెట్టి మూతి ముడేయగలదా?

ఆ తర్వాత ఫోను. వీరాంజనేయులు మాస్టారని, అయూబ్‌కి హైస్కూల్లో ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారు. సెలక్షన్‌కి పేరు పంపేది ఆయనే. రోజూ సాయంత్రం ఆయన దగ్గర్నుంచి ఫోనొస్తుంది. నగ్మా గడపలోకి రాగానే అయూబ్ గొంతు తగ్గుతుంది, ‘అట్టాగే సార్, అట్టాగే సార్’ అని రెండుసార్లు అని పెట్టేస్తాడు. ఏంటంటే ఏం లేదు, కాలెట్టుందని అడిగాడంటాడు. కాలెట్టుందని అడగడానికి పావుగంట పడుతుందా? ఆ మాస్టారికి తన జట్టు గెలవడం తప్ప ఇంకో ధ్యాస ఉండదని ఊరంతా అంటుంది. ఎండపూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు బడి వెనక ఖాళీస్థలానికి రప్పించి బంతి తన్నిస్తున్నాడేమో. మిరపచేలో కాయ తుంచుతున్నంతసేపూ నగ్మా కళ్ల ముందు అదే ఆడేది.

ఇంట్లో ఉండి కాపలా కాద్దామంటే కుదరదు. యలమందయ్య చేలో రెండో కోత నడుస్తోంది. ఈ ఊళ్లో కోతలు బదులు మీద సాగుతాయి. మనం వాళ్ల చేలో వంగితేనే వాళ్లు మన చేలో వంగుతారు. వీళ్ల ఎకరం ముందే కోశారు, కాయలు ఇంటి వెనక కల్లంలో ఎండుతున్నాయి. ఆ బదులు నగ్మా తీర్చి తీరాలి. పొద్దున ఏడింటికి పోతే మళ్లీ ఇంటికొచ్చేసరికి మూడు. పిల్లనీ కల్లాన్నీ అత్త లాల్‌బీ చూసుకునేది.

ఒకనాడు పక్క సాలులో కాయ కోస్తూ వెంకటరావమ్మ అంది. ఆవిడది వీళ్ల వీధే, నోట్లో మాట నిలవదు.

“ఏమే నగ్మా, మీ ఆయన మంచం దిగడంలేదంటన్నావు, మొన్న పదకొండింటప్పుడు మా కోడలు మజ్జిగ్గిన్నె తిరిగిద్దామని వస్తే మంచం ఖాళీగా ఉందంట. ఎవరి మీద పడుకున్నాడే మరి?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. నగ్మా కూడా నవ్వింది. బాత్‌రూమ్‌కి పోయుంటాడు పిన్నీ అని సర్దింది. ఇంటికొచ్చి అత్తని అడిగితే అత్తా అదే మాట అంది. అయితే రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, తల ఎత్తకుండా అంది. లాల్‌బీ మాటకి ముందు మనిషి మొహం చూసే రకం. తల ఎత్తకుండా ఎప్పుడు మాట్లాడిందని?

మర్నాడు పట్టీలు బిగించేటప్పుడు నగ్మా దిండులోంచి పత్తి పింజ ఒకటి లాగి, పైపట్టీ మడతలో కనపడీ కనపడకుండా పెట్టింది. సాయంత్రం చూస్తే పింజ లేదు. కాలు దురదపెడితే విప్పి గోక్కున్నానన్నాడు అయూబ్. చెప్పే తీరు మామూలుగానే ఉంది. అతను అబద్ధమాడితే కుడి కనుబొమ గీరుకుంటాడని నగ్మాకి చిన్నప్పట్నుంచీ తెలుసు. మేనత్త కొడుకే కదా. ఆ రోజు గీరుకోలేదు. గీరుకోవడం మానుకున్నాడేమోనని ఆమెకి కొత్త అనుమానం పుట్టింది.

శుక్రవారం యలమందయ్య ఇంట్లో ఏదో శుభకార్యం ఉండి కోత ఆగింది. నగ్మా రోజంతా ఇంట్లోనే ఉంది. బాత్‌రూమ్‌కి తప్ప అయూబ్ మంచం దిగలేదు. ఆరోజు బూటు అడుగున మన్ను అంటింది, ఎలా అంటాలో అలాగే. అది చూసి నగ్మాకి గుండె కుదుటపడలేదు సరికదా, ఇన్నాళ్లూ తను అనుకున్నదే నిజమని గట్టిపడింది.

సాయంత్రం అతను కాలికి గాలి తగలాలని బూటు విప్పించుకున్నాడు. లోపల పాదానికి చుట్టిన సాగే గుడ్డకట్టు మీద షాజాదీ పాక్కుంటూ వచ్చి చెయ్యి వేసింది. కట్టు కొస పట్టుకుని లాగింది, పీచు నోట్లో పెట్టుకోబోయింది, నాన్న వద్దంటే ఆ చేత్తోనే కళ్లు నులుముకుంది. అంతే, పిల్ల కేక వీధి చివరిదాకా వినపడింది. రెండు కళ్లూ చింతనిప్పుల్లా అయ్యాయి. నగ్మా నీళ్లు కొట్టింది, మజ్జిగలో గుడ్డ ముంచి అద్దింది. అరగంటకి గానీ పిల్ల ఏడుపు తగ్గలేదు.

మిరపకాయ ఘాటు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ అది చెప్పక్కర్లేదు. కోత నుంచి వచ్చిన రోజైతే నగ్మా తన చేతుల్నే తిట్టుకునేది. కానీ ఆ రోజు ఆమె మిరపకాయ ముట్టలేదు. పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ అయూబ్ కాలి కట్టు కొస వాసన చూసింది. దగ్గొచ్చింది. కట్టు మడతల్లో సన్నటి పసుపుపచ్చ గింజ ఒకటి కనపడింది.

ఆరు వారాలుగా మంచం మీదున్న మనిషి పాదానికి మిరప గింజ ఎక్కడిది? అదీ బూటు లోపల?

ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. చెప్పింది నమ్మాలనిపిస్తుంది.

శనివారం చేలోకి పోయి, పది గంటలప్పుడు గట్టు మీదికొచ్చి వీరాంజనేయులు మాస్టారికి ఫోను చేసింది. తను అయూబ్ ఇంటిదాన్నని చెప్పి, నేరుగా అడిగేసింది.

“మాస్టారూ, ఒక్కమాట నిజం చెప్పండి. ఆయన చేత ఏం చేయిస్తన్నారు?”



“నేనా? బంతి వంక కూడా చూడొద్దన్నానమ్మా. పది రోజుల నుంచీ నొప్పి ఎక్కువైందని నాతో చెబుతున్నాడు. డాక్టరుకి చెప్పరా అంటే, ఎక్స్‌రే అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దు సార్, ఇంట్లో అసలొద్దంటాడు. నేనే నీకు చేద్దామనుకుంటున్నా. పడుకుని ఉన్నోడికి నొప్పి పెరగడమేంటమ్మా? అది నాకు అంతుపట్టట్లేదు.”

నగ్మా కొంగులోని కాయలు గోతాంలో పోసి, కడుపులో బాగాలేదని వెంకటరావమ్మకి చెప్పి ఇంటిదారి పట్టింది. మంచం ఖాళీగా ఉంది. చంకకర్ర ఒకటి గోడకి ఉంది, ఇంకోటి లేదు. షాజాదీ ఉయ్యాల్లో నిద్రపోతోంది. వెనక తలుపు తీసి ఉంది.

పెరడు దాటితే కల్లం. పేడతో అలికి గట్టి చేసిన నేల మీద కాయలు జానెడు మందాన ఎర్రగా పరిచి ఉన్నాయి. కల్లం గట్టు మీద లాల్‌బీ రబ్బరు చెప్పులు విడిచి ఉన్నాయి. వాటి పక్కన, మసీదు మెట్ల దగ్గర విడిచినంత పొందికగా, నల్లబూటు నిలబెట్టి ఉంది.

కల్లం నడిమధ్య అయూబ్, చంక కింద కర్ర పెట్టుకుని, పాదాలతో కాయలు తిరగేస్తున్నాడు. ఎండ అడుగుకాయకీ తగలాలంటే రోజుకి మూడుసార్లు అలా కాలితో చాళ్లు తీసుకుంటూ పోవాలి. అతను వెళ్లిన దారంతా రెండేసి చాళ్లు పడి ఉన్నాయి. ఎడమకాలి చాలు లోతుగా, తిన్నగా ఉంది. కుడికాలిది పైపైన గీరినట్టు, వంకరగా ఉంది. లాల్‌బీ అటువైపు కూర్చుని, చేత్తో అందినంత మేర కాయలు తిప్పుతోంది.

నగ్మా వాళ్ల దాకా ఎలా వెళ్లిందో ఆమెకి గుర్తులేదు.

“బూటేది బావా?”

అయూబ్ ఉలిక్కిపడలేదు. అడగరాని ప్రశ్న అడిగినట్టు చూశాడు.

“కల్లంలోకి బూటుతో ఎట్టా వస్తానే?”

నగ్మాకి అది సరైన జవాబులాగే వినపడింది. పంట మీద చెప్పు పెట్టకూడదు. నడక వచ్చిన నాటి నుంచీ ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి. కిందికి చూసుకుంటే తన పాదాలూ బోసిగానే ఉన్నాయి. ఇంత కంగారులో పరిగెత్తుకొస్తూ కూడా గట్టు మీద చెప్పులు విడిచే వచ్చింది.

అడుగు మోపట్లేదని, ఊరికే ఈడుస్తున్నానని, బరువంతా కర్ర మీదే ఉందని అతను చెప్పుకొచ్చాడు. అమ్మ మోకాళ్లు కుండల్లా వాచాయి, ఆమె కల్లంలో డేకుతుంటే మంచం మీద పడుకుని ఎట్టా చూడనన్నాడు. ఎన్నాళ్ల నుంచి అంటే పదహారు రోజులన్నాడు. గట్టు దాకా నడిచినప్పుడు అంటిన మన్ను కనపడకుండా బూటు తుడిచింది కూడా అతనే. నగ్మాకి అనుమానం రాకూడదని.

లాల్‌బీకి అప్పటికి గానీ సంగతి బోధపడలేదు.

“డాక్టరే కాస్త కదిలించమన్నాడని చెప్పాడే నాతో. నీకు చెబితే గొడవ చేస్తావని చెప్పొద్దన్నాడు. బూటు విప్పి రారా అంది నేనేనే అమ్మాయ్.” ఆమె చేతిలో కాయలు అలాగే ఉండిపోయాయి. కళ్లు తుడుచుకోబోయి, మిరప చెయ్యని ఆగి, మోచేత్తో తుడుచుకుంది.

నగ్మా వెళ్లి బూటు తెచ్చి, అతన్ని కర్ర మీద గట్టు దాకా నడిపించి, తొడిగి పట్టీలు బిగించింది. వంగి ఉన్న ఆమె తల మీదుగా అయూబ్ మెల్లగా అన్నాడు.

“గురువారం డాక్టరుకి చెప్పమాక. చెబితే కాగితం మీద రాస్తాడు. ఆ కాగితమే సెలక్షన్‌కి పెట్టాలి.”

ఆమె చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. ఆ తర్వాతి నాలుగు రోజులూ వేకువనే ఒకసారి, చేలోంచి మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి తనే కల్లం తిరగేసింది.

గురువారం గుంటూరులో డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుగుపెట్టె మీద పెట్టి చాలాసేపు చూశారు. నగ్మాకి ఎక్స్‌రే చదవడం రాదు. కానీ తెల్లటి స్క్రూ మీదుగా అడ్డంగా నల్లటి సన్నగీత ఉంది. మొదటిసారి చూపించినప్పుడూ ఆ గీత ఉంది.

“బూటు తీయలేదు కదా?” అన్నారాయన.

“లేదు సార్.”

“బరువు పెట్టలేదు?”

“లేదు సార్.” అయూబ్ చెయ్యి కనుబొమ దాకా వెళ్లింది.

ఇంత జాగ్రత్తగా ఉన్నా అతుక్కోలేదంటే ఇక దానంతటది అతుక్కోదని, కూర్చుంటే వారాలు వృథా అని, మంగళవారం చేరితే స్క్రూ తీసేసి తుంటి ఎముక పెట్టి మళ్లీ బిగిద్దామని ఆయన చెప్పారు. చెబుతూనే కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. నగ్మా మొగుడి వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు. ఇప్పుడైనా చెబుతాడు. చెప్పలేదు. ఒకసారి ఆడిన అబద్ధం కోసం పాదం కోయించుకోవడానికైనా సిద్ధపడినట్టు నేలచూపు చూస్తున్నాడు.

“రాయమాకండి సార్,” అంది నగ్మా. “పదహారు రోజులు నడిచాడు. బూటు విప్పేసి.”

పెన్ను ఆగింది. ఆమె అంతా చెప్పింది. చాళ్ల సంగతీ, పిల్ల కళ్ల సంగతీ, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నదీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అయూబ్ ఆమె వైపు చూడలేదు.

“నడిస్తే నడిచావు, ఆ బూటెందుకు విప్పావయ్యా?” అన్నారు డాక్టరుగారు.

“కల్లం సార్,” అన్నాడు అయూబ్.

ఆయన కోప్పడబోయి ఆగారు. కుర్చీలో వెనక్కి వాలి, “మా నాన్నా కల్లంలోకి చెప్పులతో రానిచ్చేవాడు కాదులే,” అని రాసిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టారు. ఎముక తప్పేం లేదని, అతుక్కోవడానికి వీళ్లే దానికి వ్యవధి ఇవ్వలేదని అన్నారు. పాదం ఎక్కడికీ కదలకుండా మోకాలి దాకా సిమెంటు కట్టు వేస్తానన్నారు. విప్పడానికి వీల్లేనిది. ఎనిమిది వారాలు. రెండో ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు, అప్పుడు చూద్దామన్నారు.

“జూన్ సార్?”

“ఈ జూన్ కాదు. వచ్చే జూన్ కావాలా వద్దా, అది నువ్వు చెప్పాలి.”

చిలకలూరిపేట బస్సులో కట్టు కాలు సీట్ల మధ్యకి చాపుకుని అయూబ్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. యడ్లపాడు దాటాక అన్నాడు.

“నీకు నా మీద నమ్మకం లేదు.”

“లేదు,” అంది నగ్మా. “ఉంటే మంగళవారం మళ్లీ కోసేవాళ్లు.”

అతను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లిస్తే తాగాడు, పిల్లతో మాట్లాడాడు. వీరాంజనేయులు మాస్టారు ఫోను చేస్తే మాత్రం గొంతు తగ్గించకుండా, వచ్చే ఏడాది సార్ అన్నాడు. ఆ మాట నగ్మాకి వినపడాలనే అన్నాడో, మామూలుగా అన్నాడో ఆమె తేల్చుకోలేకపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కోత లేదు. ఉన్నట్టుండి పడమటి నుంచి చల్లగాలి కొట్టింది. నల్లమబ్బు ఒకటి పొలాల మీద పొగలా పాకింది. వీధిలో ఎవరో ‘వానే’ అని అరిచారు. ఆ మాట వింటే ఈ ఊళ్లో అన్నం ముందున్నవాళ్లూ లేస్తారు. ఎండిన కాయ మీద చినుకు పడితే మచ్చే. ఇళ్లల్లోంచి అందరూ టార్పాలిన్ పట్టాలు భుజాన వేసుకుని కల్లాలకి పరిగెత్తారు. వాచిన మోకాళ్లతో లాల్‌బీ కూడా లేచింది.

పట్టా అందుకుంటూ నగ్మా వెనక్కి చూసింది. అయూబ్ మంచం మీద కూర్చుని రెండు చేతులూ పట్టె మీద ఆనించి ఉన్నాడు. లేచే ముందు మనిషి అలాగే కూర్చుంటాడు.

ఆమె వెనక్కొచ్చి, ఉయ్యాల్లోంచి షాజాదీని ఎత్తి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల రెండు చేతులూ తెచ్చి అతని మెడ చుట్టూ వేసింది.

“దించావంటే ఏడుస్తది,” అంది నగ్మా.

“నువ్వు పోలీసుల్లో చేరాల్సిందే,” అన్నాడు అయూబ్. నాలుగు రోజుల్లో అదే మొదటి మాట.

ఆమె పరిగెత్తింది. గట్టు మీద చెప్పులు విడిచి కల్లంలోకి దిగి, అత్త ఒక కొస పట్టుకుంటే తను ఇంకో కొస లాగింది. గాలికి పట్టా పైకి లేస్తుంటే మూలన రాయి పెట్టి, తలెత్తి చూసింది. వెనక తలుపులోంచి మంచం కనపడుతోంది. అయూబ్ అక్కడే ఉన్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని, ఇదుగో ఇక్కడే ఉన్నామన్నట్టు పైకెత్తి ఊపాడు.

నగ్మా రెండో మూల రాయి పెట్టింది. మళ్లీ ఒకసారి చూసింది.